చంద్రుడి మీద నిమ్మకాయలు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పూతలపట్టుకు ఇవతల, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక రెండు సెంట్ల చంద్రుడు ఉండేవాడు. వాడిని తయారుచేసింది నేనే. క్రషర్ దగ్గర దొరికే బూడిదరంగు డస్ట్ నాలుగు ట్రాక్టర్లు తోలించి, గుంతలు తవ్వించి, రాళ్ళు చల్లించి, చుట్టూ సున్నంతో గీత గీయించాను. రెండో రోజుకే కుక్కలు చంద్రుడి మీద పడుకోవడం మొదలుపెట్టాయి. గీత దాటి వచ్చిన మేకను మా వాచ్‌మన్ "ఏయ్, సెంద్రుడి మీంచి దిగు!" అని తరమడం నా చెవులారా విన్నాను.

మనిషి లేకుండా చంద్రుడి మీద దిగే యంత్రానికి నమూనా చేయాలని కాలేజీల మధ్య ఒక పోటీ పెట్టారు. మాది నాలుగు రెక్కల డ్రోను. దాని కింద ఒక కెమెరా, ఎత్తు కొలిచే లేజరు, నాలుగు కాళ్ళు. పైకి లేచాక అది తనంతట తానే నేలను చూసుకుని, రాళ్ళూ గుంతలూ తప్పించుకుని, చదునైన చోట దిగాలి. మధ్యలో మేము రిమోట్ ముట్టుకుంటే ఓడిపోయినట్టే. నిజం చంద్రుడి దగ్గరా ఇదే తంటా. ఇక్కడి మాట అక్కడికి చేరడానికి సెకను పైగా పడుతుంది, అక్కడి కబురు మనకు రావడానికి ఇంకో సెకను పైగా. "ఆగు, రాయి ఉంది" అని మనం అనేసరికి అది రాయి మీద కూర్చుని ఉంటుంది.

నేను అప్పటికి ఆరేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరర్ని. ప్రిన్సిపాల్ ఏమీ దాచుకోలేదు. "అది నిలబడితే నువ్వు నిలబడతావు. అది పడిందా, జూన్ నుంచి ఇంకో కాలేజీ సూసుకోవాల్సిందేనప్పా" అన్నాడు. నా బతుకు నాలుగు కాళ్ళ మీద ఆధారపడి ఉందని అంతకు ముందు ఎవరూ అంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ కాళ్ళే నిలవడం లేదు. స్ప్రింగులు పెడితే నేల తగలగానే కప్పలా ఎగిరి వెల్లకిలా పడేది. రబ్బరు పెడితే రెండుసార్లు ఎగిరి పడేది. చంద్రుడి మీద బరువు ఇక్కడి బరువులో ఆరో వంతే కాబట్టి అక్కడైతే ఇంకా ఎక్కువ ఎగురుతుందని విద్యార్థులకు చెప్పాను. వాళ్ళను ఓదార్చడానికి నాకు దొరికిన మాట అదొక్కటే.

ఒక ఆదివారం ఆ దరిద్రాన్ని సంచిలో వేసుకుని నగరికి, మా ఇంటికి పోయాను. మా నాయన నలభై ఏళ్ళుగా మరమగ్గాలు నడుపుతున్నవాడు. నేను చేసేది కూడా ఒక పనేనని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు.

"ఏందిరా ఇది?"

"చంద్రుడి మీద దిగేది నాయనా."

"ఆడ ఎవురుండారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవుర్ని సూసేదానికి పోతాది?"

"రాళ్ళను."

"మన సిత్తూరు జిల్లాలో రాళ్ళకు కరువొచ్చిందా?"

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పైనించి గొడుగు కట్టి దించరాదా?" అన్నాడు.

"అక్కడ గాలి లేదు నాయనా. గొడుగు పనిచేయదు."

"గాలి లేదు, నీళ్ళు లేవు, మనుసులు లేరు. అట్టాంటి సోటికి పొయ్యేదానికి ఇన్ని తిప్పలు!"

అంటూనే దాన్ని మోకాలెత్తు నుంచి వదిలాడు. అది ఎగిరి, తిరగబడి, గోడకు కొట్టుకుంది. ఆయన నవ్వలేదు. నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. మగ్గంలో పేకనూలు మోసే నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి తూటాలా పోతుంది. అక్కడి పెట్టెలో ఆగి, దెబ్బ తగలగానే మళ్ళీ ఇటు వస్తుంది. ఆగేటప్పుడు జానెడు వెనక్కి ఎగిరినా తర్వాతి దెబ్బ సరిగా పడదు, వందల పోగులు తెగుతాయి.

"కొట్టుకొనొచ్చేదాన్ని ఆపేది గొప్ప గాదురా. ఆపినాక ఎనక్కి ఎగరకుండా సూడాల. దానికే ఈడ తోలుండేది" అన్నాడు.

మూడు రోజులకు కాళ్ళు చేసిపెట్టాడు. ఒక్కో కాలూ గొట్టంలోకి జారే కడ్డీ. పాత మగ్గం తోలుపట్టీ ఒకటి దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. నేల తగిలితే కడ్డీ తోలును రాసుకుంటూ పైకి జారి, జారినచోటే ఉండిపోతుంది. నడుమెత్తు నుంచి వదిలాడు. టప్పున పడి, పడినచోటే నిలబడింది. నాకు సంతోషం కంటే ముందు కడుపుమంట వచ్చింది. బీటెక్, ఎంటెక్ చదివింది నేను.

పోటీ ఫారంలో ఒక షరతు ఉంది. రూపకల్పన అంతా కాలేజీవాళ్ళదే అయి ఉండాలి, బయటివాళ్ళ చేయి పడితే నమూనాను పక్కన పెట్టేస్తారు. నేను "తోలు ఘర్షణతో తాకిడిని తగ్గించే కాళ్ళు" అని రాసి, కింద నా పేరు పెట్టాను. నాయనకు ఉన్నమాట చెప్పాను. "సూసేదానికైనా రావచ్చునా?" అని అడిగాడు. రమ్మన్నాను, కాళ్ళ సంగతి మాత్రం ఎత్తొద్దన్నాను. "ఎత్తనులేరా, నాకు తెలీదా" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన నా కాలేజీకి రావడం అదే మొదటిసారి.

పరీక్ష పొద్దున ఏడు గంటలకు పెట్టాం. చంద్రుడి మీద కూడా అక్కడి పొద్దున పూటే దిగుతారు. ఏటవాలు ఎండలో నీడలు పొడుగ్గా పడి రాళ్ళు తెలుస్తాయి. మా కెమెరాకు నేర్పిన చదువూ అదే. పొడుగు నీడ ఉంటే అది బండ, అక్కడ దిగకూడదు. న్యాయనిర్ణేతగా నాయుడుపేట వైపు నుంచి రిటైరైన రాకెట్ ఇంజనీరు ఒకాయన వచ్చాడు. నేను లోపల బ్యాటరీలు చూసుకుంటున్నాను. నాయన ఒక గోనెసంచితో దిగాడు. అందులో నిమ్మకాయలు, టెంకాయ, కుంకుమ, అరటిపళ్ళు, ఊదుబత్తులు, బూడిదగుమ్మడికాయ.

రాకెట్ లేపే ముందు దాని బొమ్మను కొండెక్కించి స్వామి ముందు పెట్టే చోటు మాది. నిమ్మకాయ వద్దనే మగాడు ఇక్కడ ఎవడున్నాడు? ప్రిన్సిపాల్ సంబరపడ్డాడు. రాకెట్ పెద్దాయన చెప్పులు విప్పి, "మేము కూడా టెంకాయ కొట్టందే ఏదీ మొదలుపెట్టేవాళ్ళం కాదు" అన్నాడు. సమస్య ఒక్కటే వచ్చింది. కొత్త బండికి నిమ్మకాయలు చక్రాల కింద పెడతారు. దీని కాళ్ళు ఎక్కడ ఆనుతాయి? దిగేచోట. కాబట్టి ముగ్గురూ కూడబలుక్కుని, చంద్రుడి మీద మేము గీసిన చదును చోటులో నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పక్కనే గుమ్మడికాయ పగలగొట్టారు. టెంకాయ చిప్పలు ఇంకో పక్క పెట్టారు.

నేను బయటికి వచ్చి అదంతా చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అందులో తేడా ఏమీ తోచలేదు. నేనూ దణ్ణం పెట్టుకుని, బొట్టు పెట్టించుకుని, మీట నొక్కాను.

యంత్రం పైకి లేచింది. చదును చోటుకు పైన ఆగింది. కిందికి దిగుతూ దిగుతూ సగంలో నిలిచిపోయింది. తెర మీద నాలుగు నిమ్మకాయల చుట్టూ నాలుగు ఎర్ర గడులు వచ్చాయి. బండలు! అది పక్కకు జరిగింది. అక్కడ గుమ్మడికాయ ముక్కలు, పద్నాలుగు బండలు. ఇటు జరిగింది. టెంకాయ చిప్పలు రెండు, ఊదుబత్తులు గుచ్చిన అరటిపండు ఒకటి. పాపం, నేను నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. మా బళ్ళో అంత బుద్ధిమంతుడు ఇంకొకడు లేడు.

"నిమ్మకాయలు తీసేయండప్పా!" అని ప్రిన్సిపాల్ అరిచాడు.

"చంద్రుడి మీదికి పోయి ఎవరు తీస్తారు?" అన్నాడు పెద్దాయన. "గీత దాటితే పోటీ అయిపోయినట్టే."

బ్యాటరీ ముప్పై శాతానికి వచ్చింది. తర్వాత ఇరవై. నాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నేనే సెడగొట్టినానా?" అన్నాడు. కోపంతో ఒళ్ళు మండుతోంది, ఆయన మీదా, నా మీదా.

పన్నెండు శాతం దగ్గర యంత్రం ఇక తప్పక మళ్ళీ కిందికి దిగడం మొదలుపెట్టింది. రెక్కల గాలికి డస్ట్ లేచింది. పొగలాగా కమ్మేసింది. లేజరు ఆ దుమ్మునే నేల అనుకుంది. నేల తగిలిందని నమ్మి, మనిషెత్తులో ఉండగానే రెక్కలు ఆపేసింది.

టప్.

మెల్లగా దుమ్ము తగ్గింది. యంత్రం నిలబడి ఉంది. మూడు కాళ్ళు నేల మీద, నాలుగోది గుమ్మడికాయ ముక్క మీద. వెనక్కి ఎగరలేదు, ఒరగలేదు. కాళ్ళు సగం దాకా గొట్టాల్లోకి జారి అక్కడే ఆగిపోయాయి.

పెద్దాయన వంగి ఆ కాళ్ళను చాలాసేపు చూశాడు. తోలును గోటితో గీకి చూశాడు. "కెమెరా ఓడిపోయింది, లేజరు ఓడిపోయింది. గెలిచింది ఈ కాళ్ళే" అన్నాడు. "ఎవరివయ్యా ఇవి?"

నేను నోరు తెరిచాను. ప్రిన్సిపాల్ కనిపించగానే మూసుకున్నాను.

"మావోడే సేసినాడు సామీ" అన్నాడు నాయన. "సిన్నప్పట్నించీ మగ్గం కాడే గదా పెరిగినాడు. సూసి సూసి నేర్సుకున్నాడు."

నేను మగ్గం దగ్గర పెరగలేదు. ఆ మోత పడక పుస్తకాలు చంకన పెట్టుకుని ఎదురింటి అరుగు మీదికి పారిపోయేవాణ్ణి. రమ్మని ఆయన పిలిచిన ఏ రోజూ పోలేదు. పెద్దాయన నా భుజం తట్టాడు. నాయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

జూన్‌లో నా ఉద్యోగం ఖాయమైంది. నగరిలో నాయన ఇప్పటికీ కనిపించినవాళ్ళందరికీ "మావోడు కాళ్ళు సేసినాడు" అని చెబుతుంటాడు. నా ఎదుట కూడా, కళ్ళు ఆర్పకుండా. మొన్న వీధి వాకిట్లో ఇద్దరమే కూర్చుని ఉన్నప్పుడు ఉండబట్టలేక, "చేసింది నువ్వు కదా నాయనా" అన్నాను. మగ్గాల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. మెల్లగా మాట్లాడడం ఎప్పుడో మరిచిపోయాడు.

"ఎవురికీ సెప్పొద్దురా నేను సేసినానని! నీ పని పోతాది!" అని అరిచాడు.

ఆ కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆ రోజు కాలేజీ వెనక, అందరి ముందు, నేను అరవవలసింది అంత గట్టిగా.