మా ఆవిడ చూసిన మనిషి

పద్మారావు నగర్‌లో నాది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టి, అద్దం కోసే పనిలో కూర్చున్నాను. నా దగ్గరికి ఎప్పుడూ రెండు రకాలవాళ్లే వచ్చేవారు: దేవుళ్లు, పోయినవాళ్లు. వాళ్లలో ఒక్కరూ నా జోకులకు నవ్వరు.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో ఒకసారి మూడోరకం వచ్చింది. మా వీధి చివర చర్చి ఉంది. దాని వెనక హాలులో బస్తీ ఆడవాళ్లు కుట్టు నేర్చుకుంటారు. ఆ చర్చికి వచ్చే ఒక టీచరమ్మ, గుంటూరు వైపు మనిషి, సెలవుల్లో ఫొటోలు తీసేది. ఆవిడ ఒక పెద్ద కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అన్నీ మన పేటవాళ్ల ముఖాలేనండీ. పౌడరు లేదు, దాచుకోవడం లేదు. ఎవరి అందం వాళ్లది. ఆదివారం హాల్లో గోడకి పెడతాం. ఈలోగా ఫ్రేములు కట్టివ్వాలి."

"అందరు బతికున్నోళ్లేనా మేడం? దండకు మేకు కొట్టాల్నా, వద్దా?" అన్నాను. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

కవర్లోంచి ఒక్కొక్క ఫొటో బయటికి తీస్తూ, ఒక్కొక్కరి మీద ఒక మాట విసురుతూ కూర్చున్నాను. పూలమ్మే అవ్వ పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వుతోంది. మా వీధిలోకెల్లా లావుపాటి బ్యాంకు గుమాస్తా జమీందారులా కూర్చున్నాడు. 'పాపం, కుర్చీ బతికిందో లేదో' అనుకుంటూ తరవాతిది తీశాను. మా ఆవిడ.

మా ఆవిడకు చెంప మీదా మెడ మీదా తెల్లమచ్చలున్నాయి. మా పెళ్లి ఆల్బంలో కూడా కొంగు చెంపకు అడ్డం పెట్టుకునే ఉంటుంది. ఎవరింట్లో పెళ్లైనా ఫొటో అనగానే అందరికంటే పొడుగు మనిషిని వెతుక్కుని వెనక నిలబడుతుంది. అలాంటిది కొంగు భుజం మీద వదిలేసి, మెడ నిటారుగా పెట్టి, వెలుతురికి ఎదురుగా కూర్చుంది. అదీ నాతో ఒక్కమాట చెప్పకుండా.

నన్ను పట్టుకున్నది మచ్చలు కాదు, ఆ చూపు. ఎదురుగా ఎవరో ఉన్నారు. వాళ్లను చూసి ఆమె ముఖమంతా మెత్తబడింది. ఎన్నాళ్లకో వచ్చిన మనిషిని గుమ్మంలో చూసి, 'వచ్చినవా' అనబోతున్నట్టుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపు నా మీద ఒక్కసారీ పడలేదు. పడితే నాకు తెలియదా?

స్కేలు తీసి ఫొటో మీద పెట్టి, ఆ చూపు ఎటు పోతోందో చూశాను. తిన్నగా కుర్చీలో కూర్చున్న మనిషి ఎత్తుకు పోతోంది. అంటే ఆ దొంగ నింపాదిగా కూర్చుని మరీ చూశాడన్నమాట! ఆ హాల్లో మా ఆవిడకు కుట్టు నేర్పే మాస్టరు గుర్తొచ్చాడు. ఉంగరాల జుట్టు, చెవి మీద పెన్సిలు. "మాస్టరు కాలర్ మస్తు కుడ్తడు" అని ఆ మధ్య మా ఆవిడ ఊరికూరికే అంటుండేది. ఒక కాలర్ గురించి అన్నిసార్లు ఎందుకనాలి?

ఇంటికి వెళ్లి అన్నం తింటూ మెల్లగా కదిపాను.

"ఫొటో దిగినవంట?"

"దిగిన. నీ దుకాణానికే వస్తదని తెల్సు. ఎట్లున్న?"

"మంచిగనే ఉన్నవ్. ఎదురుంగ ఎవరు కూసున్నరు?"

"ఎవరు కూసుంటే నీకేంది?"

"ఊకె అడిగిన. వాళ్లకు సుత ఒక ఫ్రేము కడ్దామని."

"కడ్తవు, కడ్తవు. పప్పు ఏస్కో," అని నవ్వింది. ఆ నవ్వు వింటే మాస్టరు మా ఇంట్లోనే పీట వేసుకుని కూర్చున్నట్టనిపించింది.

ఫ్రేములు హాలుకు చేర్చిన రోజు ఇక ఉండబట్టలేక టీచరమ్మను అడిగేశాను.

"మేడం, మా ఇంటామె ఫొటో దిగినప్పుడు మాస్టరు గీడనే ఉండెనా?"

"ఎవరూ ఉండరండీ. నేను కూడా బయటికి వెళ్లిపోతాను." కెమెరా స్టాండు చూపించింది. కెమెరా కిందే ఒక అద్దం ఆనించి ఉంది. "ఇందులో తమని తాము చూసుకోవాలి. బాగున్నానని మనసుకి అనిపించినప్పుడు వాళ్లే రిమోటు నొక్కుతారు. మీ ఆవిడ చాలాసేపు నొక్కలేదు. ఏడుస్తోందేమోనని తలుపు దాకా వచ్చి, మళ్లీ వెళ్లిపోయాను. ఆ తర్వాత నొక్కింది. ఒక్కటే ఫొటో."

మాస్టరు నిర్దోషి అని తేలాక నా మంట చల్లారాలి. అది ఇంకా ఎక్కువైంది. మాస్టరైతే ఆ కాలరే పట్టుకుందును. అద్దంలో ఉన్నామెతో ఏమని కొట్లాడను? పెళ్లైన నాటి నుంచి నేను "నువ్వు బాగుంటవే" అంటూనే ఉన్నాను. "పో, నీకన్ని పరాచికాలే" అని కొంగు లాక్కునేది. మొగుడు ఇన్నేళ్లు చెప్పింది నమ్మని మనిషి, అద్దం ఒక్క మధ్యాహ్నం చెబితే నమ్మింది.

ఆదివారం హాలు నిండిపోయింది. మా ఆవిడ తన ఫొటో పక్కనే నిలబడింది, కొంగు భుజం మీదే ఉంది. "అక్కా, ఎంత మంచిగొచ్చినవే!" అని ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫ్రేము బాగుందన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంటికి రాగానే అడిగాను. ఈసారి చివర జోకు తోక లేకుండా, సూటిగా.

"నన్నెన్నడన్న గట్ల సూశినవానే?"

చెప్పులు విడుస్తున్నదల్లా ఆగింది. "సూడనిస్తే గద! నీ ముఖం జెరసేపన్న ఊకుంటదా? సూద్దామనుకునే లోపట ఏదో ఒకటంటవ్, నేను నవ్వుడు షురూ చేస్త. నవ్వుకుంట సూస్తే ఏం కనవడ్తది?"

"సరే, ఇప్పుడు సూడు," అని కుర్చీలో కూర్చున్నాను.

ఆమె ఎదురుగా మంచం మీద కూర్చుంది. నాలుక కొసకు ఒక మాట వచ్చింది, మింగాను. ఇంకోటి వచ్చింది, మొదటిదానికంటే మంచిది, దాన్నీ మింగాను. ముక్కు దురద పెట్టింది. ఫొటోలోని ఆ చూపు కోసం కాచుకుని కూర్చున్నాను. రాలేదు. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూస్తుందే, ఆ చూపుతో నుదురు, కళ్లు, బుగ్గలు దాటుకుంటూ వెళ్లి నా చెవి దగ్గర ఆగింది.

"గీ నల్లమచ్చ ఎప్పటిసంది ఉన్నదయ్యా?"

"పుట్టినప్పటిసంది," అన్నాను. ఇంకేమీ అనలేదు.

"గట్లనే ఉండు," అని ఆమె మంచం అంచుకు జరిగింది.