అంబదాస్ ముక్కు

అంబదాస్ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం కూడా దాటలేదు. చేతిలో నా చీరల సంచి పట్టుకుని, ముక్కు ఒకసారి పైకెత్తి, "మేడం, మీ ఇంట్ల గ్యాస్ లీకైతున్నది. ముందుగాల సిలిండర్ బంద్ చెయ్యుండ్రి" అన్నాడు.

నేను నమ్మలేదు. మా హాల్లో గంటసేపటి నుంచి లావెండర్ ఆవిరి చిమ్మే యంత్రం నడుస్తోంది, ఇల్లంతా ఆ ఘుమఘుమే. ఈయనెవరో వీధిలో వాసన మోసుకొచ్చి నాకు అంటగడుతున్నాడనుకుని విసుగ్గానే వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ వెనక రబ్బరు పైపు చీలి ఉంది. దాని పక్కనే నిలబడి పొద్దున్నుంచి రెండుసార్లు టీ కాచాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. నా పేరు విశాలాక్షి. మా ఆయన గోవిందరాజులు సూరత్ నగరం ఉధనాలో బ్యాంకు ఉద్యోగి, దిండోలీలో మా ఫ్లాటు. నాకు మూడేళ్ళ కిందట నూనెల పిచ్చి పట్టింది. తలనొప్పికి పుదీనా నూనె, జలుబుకి నీలగిరి తైలం, పంటికి లవంగం, దోమలకు నిమ్మగడ్డి, నిద్రకు లావెండర్. ఫోన్లో పది వీడియోలు చూసి సగం డాక్టర్నైపోయాను. "ఈ ఇంట్లో అన్నం ఉడికే వాసన తెలిసి ఏడాదైంది" అని మా ఆయన సణిగితే ఆయనకు టేస్టు లేదనేదాన్ని. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సీసాలు పంచడం నాకొక గొప్ప.

నవాగామ్‌లో ఉండే ఊర్మిళ నా చీరలకు ఫాల్ కుడుతుంది. అంబదాస్ ఆమె భర్త. ఆ రోజు గ్యాస్ సంగతి విని ఊర్మిళ నవ్వింది. "ఆయన ముక్కుతోని మా ఇంట్ల పెద్ద లొల్లి అక్కా. పక్కింటోళ్ళ పప్పు మాడితే నన్ను కోప్పడతడు" అంది.

అతనిది సిరిసిల్ల వైపు. మగ్గాల పనికి సూరత్ వచ్చిన తండ్రి వెంట వచ్చి, పదహారో ఏట తనూ మగ్గం ముందు నిలబడ్డాడు. ఆ మోత పడక, ఊరి చివర సచిన్‌లో బట్టలకు రంగు వేసే ఒక డైయింగ్ మిల్లులో చేరాడు. ఇరవై ఏళ్ళు అక్కడి కలర్ రూములోనే ఉన్నాడు. రంగులూ ఆమ్లాలూ తూచి కలిపే గది అది. డబ్బా మూత తీయకుండానే లోపల సరుకు మంచిదో కల్తీదో చెప్పేవాడట. ఏ పొడి చెమ్మ పట్టి లోలోపల వేడెక్కుతోందో పొగ రాకముందే పసిగట్టేవాడు. ఆ మిల్లులో గ్యాస్ పట్టే మీటరు లేదు. యజమాని సేఠ్‌కు ఆ అవసరం కనిపించలేదు, అంబదాస్ ఉన్నాడు కదా.

మిల్లు వెనక ఒక గుంత ఉంటుంది. రంగు నీళ్ళన్నీ అందులోకే పోతాయి. పొద్దున దాని ఇనుప మూత ఎత్తి, కాస్త లోపలికి వంగి వాల్వు తిప్పితేనే పంపు నడుస్తుంది. గంధకం రంగుల నీళ్ళలో ఆమ్లం నీళ్ళు కలిస్తే ఆ గుంతలో విషపు గ్యాస్ పుడుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. అందుకని ముందు అంబదాస్ వెళ్ళి మూత ఎత్తి వాసన చూడాలి. మిషన్ల మోతలో మాట వినపడదు. అతను చెయ్యి పైకెత్తితే సరే అని, అడ్డంగా ఊపితే ఎవరూ దగ్గరికి రావద్దని. ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి తప్పు చెప్పలేదు. మిల్లులో అతనికున్న మర్యాదంతా ఆ చెయ్యే.

రెండేళ్ళ కిందట ఒక ఆమ్లం డబ్బా పగిలి, ఆ ఘాటు మొహాన కొట్టింది. వారం దగ్గాడు, లేచాడు, ముక్కు మాత్రం పోయింది. మొదట ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పక్కనే పొడి డబ్బా పొగలు కక్కుతుంటే నిమ్మళంగా రంగు తూచుకుంటూ కూర్చున్నాడు. కలర్ మాస్టర్ రవీంద్ర అది చూసి, మంచివాడే కాబట్టి పని తీసెయ్యకుండా, ఫోల్డింగ్ విభాగంలోకి మార్చాడు. అక్కడ బట్ట మడతపెట్టాలి, అంతే. ముక్కు బాగైతే మళ్ళీ తీసుకుంటానని మాట ఇచ్చాడు.

ఊర్మిళ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "జీతం అంతే ఇస్తున్నరక్కా. ఆయనే మనిషి లెక్క లేడు. అన్నం ముంగట పెడితె, ఇది పప్పా పులుసా అని అడుగుతడు. ఫోల్డింగ్‌ల కూసుంటె నేనెవన్ని అంటడు."

పెద్దాసుపత్రిలో డాక్టరు, ఘాటైన వాసనలు రోజూ రెండు పూటలా చూస్తూ ఉండమనీ, కొందరికి నెలల మీద తిరిగి వస్తుందనీ, కొందరికి రాదనీ చెప్పాడట. ఆ చివరి ముక్క నేను విననే లేదు. వాసనలంటే నా రాజ్యం. ఐదు సీసాలు తీశాను: నీలగిరి, పుదీనా, లవంగం, నిమ్మగడ్డి, లావెండర్. పొద్దున డ్యూటీకి ముందు, సాయంత్రం తర్వాత ఇంట్లో చూడాలి. ఆదివారం మా ఇంటికి వస్తే కళ్ళకు నా చున్నీ కట్టి నేనే పరీక్ష పెట్టేదాన్ని.

నెలన్నర దాకా ఏమీ లేదు. తర్వాత ఒక ఆదివారం లవంగం చెప్పాడు. పై వారం పుదీనా. మూడో నెల వచ్చేసరికి ఐదింటికి ఐదూ వరసగా చెప్పాడు. సీసాలు తారుమారు చేశాను, మళ్ళీ చెప్పాడు. ఊర్మిళ నా కాళ్ళకు దండం పెట్టబోతే, ముచ్చటపడుతూనే వద్దన్నాను. రవీంద్ర ఫోన్ చేసి, "మేడం, మీరు చదువుకున్నోళ్ళు. నిజంగ వచ్చిందా?" అని అడిగాడు. "నేను స్వయంగా పరీక్ష చేశానండీ" అన్నాను. ఏం స్వయమో, ఏం పరీక్షో. అంబదాస్ మళ్ళీ కలర్ రూముకు వెళ్ళాడు. ఊర్మిళ కిలో పేడాలు తెచ్చింది.

ఇంకో నెలకి ఒక ఆదివారం లావెండర్ సీసా ఖాళీ అయింది. సరదాకి అందులో గంధం నూనె పోసి ఇచ్చాను. అతను పీల్చి, ఏమాత్రం తడుముకోకుండా, "లావెండర్" అన్నాడు.

గంధం నూనెని లావెండర్ అనడం ముక్కున్నవాడికి చాతకాదు. చున్నీ విప్పాను. ఊర్మిళ వంటింట్లో టీ పెడుతోంది. నేనేమీ అనకముందే నా మొహం చూసి అతనికి అర్థమైంది. సీసాలు వరసగా తన ముందుకు జరుపుకున్నాడు.

"లవంగం మండుతది మేడం. పుదీనా సల్లగ తాకుతది. నీలగిరి కండ్లల్లకు ఎక్కుతది. నిమ్మగడ్డి జర గీకినట్టయితది" అన్నాడు నెమ్మదిగా. "ఏం తెల్వనిది లావెండర్."

మంటనీ చల్లదనాన్నీ పట్టి పేర్లు చెప్పాడు. వాసన ఒక్కటీ తెలియలేదు. ఇరవై ఏళ్ళు ఘాటైన రంగులూ ఆమ్లాలూ కలిపినవాడికి అదేం కష్టం? ఇంతా చేసి నేను పెట్టింది ఒక మాయ పరీక్ష.

"మరి ఆ గుంత?" అన్నాను. ఆ గ్యాస్ మొదట మండదు, చల్లగా తగలదు. వాసన ఒక్కటే దాని గుర్తు.

"పరుశురాం ఉంటడు మేడం నా పక్కన. మూత వాడే ఎత్తుతున్నడు ఇప్పుడు. అన్నా, నీ నడుం నొస్తది, నేను ఎత్తుత అన్నడు. వాని మొఖం జూస్త. మొఖం మంచిగుంటె చెయ్యి లేపుత. వానికి తెల్వది." కళ్ళు ఎత్తాడు. "మాస్టరుకు చెప్పకుండ్రి. మళ్ళ ఆ ఫోల్డింగ్‌లకు పంపుతె నేను బతుక."

పరుశురాం కలర్ రూములో అతని సహాయకుడు, అతనికంటే పదేళ్ళు చిన్న, వాళ్ళ వైపువాడే, వడోద్‌లో కాపురం. చెప్పకూడదా నేను? ఫోన్ ఎత్తి రవీంద్రకు ఒక్క మాట. అంబదాస్ మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా పరీక్ష తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందని చెప్పలేదు. ఊర్మిళ టీ తెచ్చింది, ముగ్గురం తాగాం. నేను చెయ్యవలసిన పని ఆ రోజే వదిలేశాను.

వానాకాలం నుంచి ఊర్మిళ ఇంకో అలవాటు మొదలుపెట్టింది. నేను నేర్పిందే. చేతిరుమాలు మీద నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి అంబదాస్‌కు ఇచ్చేది. అది ముక్కుకు కట్టుకుంటే కలర్ రూములో ఘాటు తెలియదని అతని పక్కవాళ్ళూ అడిగారు. ఊర్మిళ చిన్న సీసాల్లో నింపి అందరికీ పంపింది. వాసన తెలియకపోతే విషం లేనట్టేనని వాళ్ళు అనుకున్నారు. నా చీలిన గ్యాస్ పైపు చూశాక కూడా అది తప్పని నేను చెప్పలేదంటే నన్నేమనాలి?

దీపావళికి మిల్లులు మూసి, ఐదో రోజు లాభ్ పాంచమ్‌ పండుగకి తెరిచారు. అన్నాళ్ళూ గుంత మూత దించే ఉంది. ఆమ్లం ట్యాంకు పైపు ఎక్కడో కారి, ఆ నీళ్ళు గుంతలోకి చేరాయి. ఎవరికీ తెలియదు. పొద్దున పూజ చేసి కొబ్బరికాయ కొట్టి డ్యూటీ ఎక్కారు. పరుశురాంకు జలుబు. నీలగిరి రుమాలు కళ్ళ కింద దాకా కట్టుకుని వచ్చాడు. మూత ఎత్తాడు. అంబదాస్ అతని మొహం కోసం చూశాడు, రుమాలు తప్ప ఏమీ కనిపించలేదు. కళ్ళు మామూలుగానే ఉన్నట్టనిపించాయట. చెయ్యి పైకెత్తాడు.

పరుశురాం వాల్వు కోసం వంగాడు. ఇంక లేవలేదు. తల ముందుకు పడి, మనిషి లోపలికి జారిపోయాడు. అంబదాస్ తనూ దూకబోతే నలుగురు పట్టి ఆపారు. ఫైర్ వాళ్ళు వచ్చి శవాన్ని బయటికి తీసేసరికి అరగంట. కాలు జారి పడ్డాడని మిల్లువాళ్ళు పోలీసు కాగితాల్లో రాయించారు. అంబదాస్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. అతను చెయ్యి ఎత్తాడంటే గుంత బాగున్నట్టేనని అందరి నమ్మకం.

పదకొండు రోజులు అంబదాస్ ఇంట్లో ఒక మూల కూర్చున్నాడు. పన్నెండో రోజు ఊర్మిళ నాకు ఫోన్ చేసింది. "ప్రసన్నకు చెప్తనంటున్నడక్కా. మీరు రాండ్రి. నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు." ప్రసన్న పరుశురాం భార్య. నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే మొహం నాకు లేదు.

వడోద్‌లో వాళ్ళది మేడ మీద ఒక గది. గోడ పక్కన, టిక్కీలనే మెరిసే బిళ్ళలు సగం అంటించిన చీరల కట్ట. ప్రసన్న చాప వేసింది. అంబదాస్ చాప మీద కూర్చోలేదు, గుమ్మం దగ్గర నేల మీదే కూర్చున్నాడు. ఊర్మిళ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెల్లె, నాకు రెండేండ్ల సంది వాసన వస్తలేదు" అన్నాడు అంబదాస్. "వచ్చిందని అబద్ధం చెప్పిన. నా పోస్టు కోసం. రోజూ వాని మొఖం జూసి చెయ్యి లేపేటోన్ని. ఆ దినం మొఖం కనపడలే. అయినా చెయ్యి లేపిన. వాడు నా చెయ్యి జూసే వంగిండు. వాన్ని నేనే సంపిన."

ఆ మాట నేనూ అనాలి. అనలేదు, చాప అంచు సర్దుతూ కూర్చున్నాను.

ప్రసన్న ఏడవలేదు.

"ఆయనకు ఎరికే అన్నా" అంది.

అంబదాస్‌కు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మీకు వాసన వస్తలేదని మీరు తిరిగొచ్చిన మొదటి వారమే ఆయనకు ఎరికైంది. ఎవ్వలకు చెప్పకు, అన్న మళ్ళ ఫోల్డింగ్‌ల పడతడు అని నాతోని అన్నడు. మీ నడుం కోసం ఎత్తలేదు మూత. వాసన జూసి, మంచిగుంటె మొఖం మీకు కనపడేటట్టు తిరిగేటోడట." ఆమె చీరల కట్టను గోడవైపు నెట్టింది. "ఆ దినం జలుబుండె, ఆయనకు గూడ వాసన తెల్వది. పండుగ పోయింది, ఇంకొక్క దినం పండుకో అన్న. నేను పోకుంటె మూత అన్న ఎత్తుతడు అని పోయిండు."

అంబదాస్ రెండు చేతులూ నేలకు ఆనించాడు. పడిపోతాడేమోనని ఊర్మిళ భుజం పట్టుకుంది.

"వానికి ఎరికైతే నాకెందుకు చెప్పలే చెల్లె? ఒక్క మాట చెప్తే నేను మానుకుందును."

"చెప్తే అన్న సిగ్గుపడతడు అన్నడు" అంది ప్రసన్న.

అంబదాస్ అక్కడి నుంచి లేచి నేరుగా సచిన్ బస్సెక్కాడు. రవీంద్ర ముందు నిలబడి, తనకు వాసన తెలియదనీ, రెండేళ్ళుగా తెలియలేదనీ, పరుశురాం కాలు జారలేదనీ చెప్పాడు. అదే మాట వానాకాలానికి ముందు చెప్పి ఉంటే పోయేది ఒక పోస్టు. అప్పుడది చెప్పగలిగినవాళ్ళం అంబదాస్, పరుశురాం, ప్రసన్న, నేను, నలుగురం ఉన్నాం, నలుగురమూ ఒక మనిషి పరువు కాపాడుతూ ఊరుకున్నాం.