సిరిసిల్లక్కకు మేమేసిన ఓట్లు

ఆ రోజుల్లో మా ఊళ్ళె మొగోడు కనవడాలంటే ఎవరన్న సావాలె, లేకపోతే ఎవరిదన్న పెండ్లి గావాలె. మిగిలిన దినాలల్ల ఊరంతా ఆడోళ్ళది, ముసలోళ్ళది. మాది కోరుట్ల దిక్కు ఇబ్రహీంపట్నం మండలంల ఒక ఊరు. ఇంటికొక పాస్‌పోర్టు, ఇంటికొక బీడీల చాట. మొగోళ్ళు పాస్‌పోర్టు జేబుల పెట్టుకొని దుబాయి దిక్కు పోతే, ఆడోళ్ళం చాట ఒళ్ళె పెట్టుకొని తునికాకు కత్తిరించుకుంట కూసునేటోళ్ళం. వానలు లేవు, బోర్లు ఎండిపోయినయి, పసుపు పండిన చేండ్లు బీళ్ళు పడ్డయి. అంత కరువు కాలంల మా వాడకట్టు ఆడోళ్ళు దేని గురించి కొట్లాడుకున్నరంటే, టీవీల వచ్చే వంటల పోటీ గురించి. మీరు నవ్వుతరని తెలుసు. నవ్వుండ్రి. నాకు గూడ ఇప్పుడు నవ్వే వస్తది (రావడానికి పన్నెండేండ్లు పట్టింది గని).

అప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు. ఇంటర్ల ఇంగ్లీషు తప్పి (మొదటిసారి తప్పినప్పుడు ఏడ్చిన, రెండోసారికి అలవాటైంది) బీడీలకు కూసున్న. మా బాపు దుబాయిల కట్టుడు పనికి పోయి, మొదటి ఏడు మాకొక పెద్ద టీవీ కొనిపిచ్చిండు. రెండో ఏటి సంది కంపెనీ సక్కగ లేదని ఫోన్ల చెప్పుడే తప్ప ఏం పంపలే. అందుకే మా ఇంట్ల టీవీ ఊళ్ళెకెల్ల పెద్దది, దాని పక్కన బియ్యం డబ్బ ఊళ్ళెకెల్ల చిన్నది. శనివారం మధ్యాహ్నం మూడు గొట్టంగనే వాడకట్టోళ్ళందరు చాటలు పట్టుకొని మా ఇంట్ల దిగేటోళ్ళు. ఆ సభకు పెద్ద మా అవ్వ (మా దిక్కు అవ్వంటె అమ్మనే). ఆమెకు ఎదురుంగ మస్కట్ చిన్నమ్మ కూసునేది. ఆమె మాకు చుట్టం గాదు గని అందరు చిన్నమ్మనే అంటరు. మస్కట్ల ఒక అరబ్బోళ్ళింట్ల నాలుగేండ్లు వంట చేసి వాపసు వచ్చింది. వంట గురించి ఆమె ఒక మాటంటే మిగిలినోళ్ళు రెండు మాటలనే ముందు ఆలోచించేది.

ఆ పోటీల పది మంది ఆడోళ్ళుండిరి. తొమ్మిది మంది పేర్లు మాకు పట్టలే. పదో ఆమె మొదటి రోజు మైకు పట్టుకొని, "మాది సిరిసిల్ల దగ్గర ఎల్లంతకుంట, మా ఆయన సాంచాలు నడుపుతడు" అనంగనే (సాంచాలంటె బట్ట నేసే మర మగ్గాలు) మా ఇంట్ల బీడీలు చుట్టే చేతులన్ని ఒక్కసారి ఆగినయి. అంతకుముందు టీవీల మా లెక్క మాట్లాడేది రౌడీలు, పనిమనుషులే. ఈమె పట్టుచీర కట్టుకొని, గ్యాసు పొయ్యి ముందు నిలవడి, మా మాటే మాట్లాడుతున్నది. ఆ గడియ సంది ఆమె మాకు సిరిసిల్లక్క.

మా పంచాది మూడో వారంల మొదలైంది. సిరిసిల్లక్క సర్వప్ప చేసింది. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చేదే సర్వప్ప, మా ఇండ్లల్ల పిల్లలు గూడ చేస్తరు. ఆమె పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన కండ్లద్దాల పిల్ల తెల్లటి వానపాముల లెక్క ఏందో ఉడకవెట్టి, మీద ఒక్క ఆకు పెట్టి ఊకున్నది. జడ్జి పొడుగు తెల్లటోపీ పెట్టుకున్నాయన. సర్వప్ప ముక్క నోట్లె ఏసుకొని కండ్లు మూసి, "రుచి ఉందమ్మా. కానీ నూనె ఎక్కువ, ఉప్పు ఎక్కువ. ప్రజెంటేషన్ అసలు లేదు" అన్నడు.

"లేనిది ఏందే?" అని అవ్వ నన్ను అడిగింది. ఇంగ్లీషు తప్పినా ఇంట్ల ఇంగ్లీషుకు నేనే దిక్కు.

"అంటే, మీదికెల్లి చేసేదవ్వా. ఆ పిల్ల ఆకు పెట్టింది సూడు, గట్ల" అన్న.

"కొత్తిమీరనా? గింత కొత్తిమీర లేదని తక్కువ మార్కులేస్తడా! పాపం, ఆ బిడ్డకు ఎవ్వలన్న తెచ్చియ్యకపోయిరి" అని అవ్వ నిజంగనే బాధపడ్డది.

కొత్తిమీర కాడ మొదలైన ముచ్చట న్యాయం కాడికి పోయింది. "ఆ టోపాయన పుట్టి బుద్ధెరిగినంక సర్వప్ప తిన్నడా? తిననోడు మార్కులెట్ల ఏస్తడు? ఆ వానపాములకు తొమ్మిది, మన పిల్లకు ఐదు. గిదేం న్యాయం?" అని అవ్వ చాట మీద గుద్దింది. అందరు అవునంటె అవునన్నరు. మస్కట్ చిన్నమ్మ మాత్రం బీడీకి దారం చుట్టుకుంట నిమ్మళంగ, "ఉప్పు ఎక్కువైందేమో అక్కా, మనం తిన్నమా?" అన్నది.

"మన దిక్కు పిల్లనే నువ్వు గిట్లంటవా?"

"మన పిల్లే. మన పిల్ల ఏసినంత మాత్రాన ఉప్పు తియ్యగైతదా? నేను నాలుగేండ్లు వండిన అక్కా. పిల్లలు యాదికొచ్చి ఏడ్సుకుంట వండిన. మా మేడం ఒక్కనాడన్న ఎందుకేడుస్తున్నవని అడగలే, కూర మాడిందనే అన్నది. మన దుఃఖం తినేటోళ్ళ నాలుక మీదికి ఎక్కది."

"అయితె నువ్వు టోపాయన దిక్కా, మా దిక్కా?"

"నేను ఉప్పు దిక్కు."

దాంతోని రెండు వారాలు ఇద్దరికి మాటలు బంద్. మాటలు బందైనా పోటీ చూసుడు బంద్ గాలే. ఆ వాడకట్టుల వేరే టీవీ లేకపాయె. అందుకని మస్కట్ చిన్నమ్మ మా గడపల కూసొని, మొఖం టీవీ దిక్కు, వీపు అవ్వ దిక్కు పెట్టేది. ఆ భంగిమల కూసునుడు ఎంత కష్టమో మీరు ఒకసారి చేసి చూడుండ్రి.

ఆఖరుకు ఐదుగురు మిగిలిండ్రు. అప్పుడు టీవీల ఓట్లు పెట్టిండ్రు. ఫోన్ల పోటీ పేరు కొట్టి, మనకు నచ్చినామె నంబరు కొట్టి మెసేజి పంపాలె. సిరిసిల్లక్క నంబరు నాలుగు. ఇగ చూడుండ్రి, ఇంటర్ తప్పిన నేను ఆ వాడకట్టుకు ఎన్నికల అధికారినైన. ఏడు ఫోన్లు నా చాట పక్కన వరుసగ పెట్టిండ్రు. "నాది కొట్టు బిడ్డ", "నాది పోయిందా చూడు" అని ఒక్కటే లొల్లి. మొదటి వారం సిరిసిల్లక్క గెలిచింది, నేను ఊళ్ళె తలెత్తుకొని తిరిగిన. రెండో వారం నేను దొడ్లెకు పోతే మస్కట్ చిన్నమ్మ వెనకనే వచ్చి, కొంగుల దాచిన ఫోన్ తీసి నా చేతుల పెట్టింది. "నాది గూడ కొట్టు. అవ్వకు చెప్పకు" అన్నది. ఆ ఎనిమిది ఫోన్లకెల్లి నా బొటనవేలు గుంజేదాక నాలుగు కొట్టిన.

ఆ తర్వాతి శనివారం సిరిసిల్లక్క ఓడిపోయింది. కండ్లద్దాల పిల్ల నిలిచింది. అవ్వ కోపానికొచ్చి చాట ఎత్తేసింది. తంబాకంతా గాలిల లేచి ఇల్లంత తుమ్ములు. ఆ తుమ్ములల్ల ఎవరు ఏడుస్తున్నరో, ఎవరు తుమ్ముతున్నరో తెల్వలే. అప్పుడే టీవీల కింద పట్టీ మీద నంబర్లు తిరుగుతున్నయి. చూసిన. నా పానం పోయినంత పనైంది. ఒకరు ఎల్లిపోతే వెనకోళ్ళ నంబర్లు ఒక్కొక్కటి ముందుకు జరుగుతయంట. పోయిన వారం రెండో నంబరామె ఎల్లిపోయిందాయె. సిరిసిల్లక్క మూడుకు జరిగింది, ఐదుల ఉన్న కండ్లద్దాల పిల్ల నాలుగుకు వచ్చింది. మా ఎనిమిది ఫోన్ల ఓట్లన్ని నేను ఆ వానపాముల పిల్లకు ఏసిన. ఇంట్ల చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఎవ్వలకు తెల్వలే. నేను చెప్పలే.

"ఓడిన బిడ్డను పోయి చూడకపోతె మన ఓట్లకేం ఇజ్జతే?" అని అవ్వ బయలెల్లింది. మస్కట్ చిన్నమ్మ గూడ, "ఉప్పు సంగతి నేనే తేలుస్త" అని ఎంబడివడ్డది. నన్ను రావాలన్నరు, నేను కడుపు నొస్తుందన్న, వినలే. కోరుట్లకు పోయి, జగిత్యాల బస్టాండుల అరటిపండ్లు కొనుక్కొని, బస్సులు మారుకుంట సిరిసిల్లల దిగినం. సాంచాల సప్పుడుకు ఆ ఊళ్ళె మాట వినవడదని అందరు చెప్పేది. మేం దిగిన రోజు బస్టాండు పక్క గల్లీలల్ల కుక్క మొరిగినా వినవడ్డది. గల్లీకి రెండు సాంచాల షెడ్లకు తాళాలుండె. "గింత సప్పుడు లేదేందే" అని అవ్వ మెల్లగ అన్నది, పెద్దగ మాట్లాడితె తప్పన్నట్టు.

ఎల్లంతకుంటల టీవీ ఆమె ఇల్లేదంటె పిల్లలే తోలకపోయిండ్రు. టీవీల నిండుగ కనవడ్డ మనిషి, ఎదురుంగ వస్తే సగమే ఉన్నది. మేం ఎక్కడికెల్లి వచ్చినమో, ఎన్ని ఫోన్లకెల్లి ఓట్లేసినమో అవ్వ చెప్తుంటె ఆమె కండ్లు తుడుసుకుంట నవ్వింది. అరటిపండ్లు దేవుని కాడ పెట్టింది. వద్దంటె వినకుంట సర్వప్ప కాల్చి, పచ్చిపులుసు చేసి మా ముందట పెట్టింది.

ఒక్క ముక్క తిన్న. ఉప్పు! నూనె వేళ్ళ సందులకెల్లి కారుతున్నది. అవ్వ దిక్కు చూసిన, అవ్వ నేల చూస్తున్నది. సిరిసిల్లక్క ఎదురుంగ కూసొని, "ఎట్లున్నదవ్వా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. నాకు అన్యాయమే చేసిండ్రా?" అని అడిగింది. అవ్వ, నేను భయపడుకుంట మస్కట్ చిన్నమ్మ దిక్కు చూసినం. ఆమె ముక్క మొత్తం నమిలి మింగి, పళ్ళెం ముందుకు జరిపి, "అన్యాయమే బిడ్డా. ఇంకో ముక్క ఎయ్యి" అన్నది.

అప్పుడు సిరిసిల్లక్క తానే చెప్పింది. "ఉప్పు ఎక్కువైందని నాకు తెల్వదా చిన్నమ్మా? పొద్దంత సాంచాల కాడ చెమటలు కార్చేటోడు, ఆయనకు గిట్లనే గావాలె. ఇక్కడ సాంచాలు బందైనంక బొంబాయి దిక్కు భీవండి సాంచాలకు పోతనని పోయిండు. ఆరు నెల్లు ఫోన్ చేసిండు, ఆ తర్వాత లేదు. టీవీల కనవడితె ఏడున్నా సూస్తడని పోయిన. వారం వారం ఆయన తినేదే వండిన. ఇది నా ఇంట్ల కూడని గుర్తువడుతడని. ఇంకో రెండు వారాలుంటె సూస్తుండెనేమో."

మస్కట్ చిన్నమ్మ లేచి ఆమె తల పట్టుకొని తన కడుపుకు ఒత్తుకున్నది. వాపసు వచ్చేటప్పుడు బస్సుల అవ్వ, చిన్నమ్మ ఒకే సీట్ల కూసున్నరు. నేను వెనక సీట్ల కూసొని, ఒక మనిషి సంసారం నా వేలు తోటి కూలగొట్టిన అని జగిత్యాల దాక ఏడ్చిన. ఆ ఏడే బాపు ఉత్త చేతులతోని వాపసు వచ్చిండు. నాకు పెండ్లైంది, కోరుట్లల కుట్టుమిషన్ పెట్టుకున్న, ఇద్దరు పిల్లలైరి. అన్ని అయినయి గని ఆ బరువు దిగలే.

మొన్న ఎండకాలంల జగిత్యాల బస్టాండుల ఆమె కనవడ్డది. ఎంట్రుకలు నెరిసినయి. సిరిసిల్లల ఆడపిల్లల హాస్టల్ల వండుతున్ననన్నది. ఆయన సంగతి నేను అడగకముందే తల అడ్డంగ ఊపింది. "రెండుసార్లు భీవండి పోయొచ్చిన" అన్నది, అంతే. ఇగ నేను ఆగలేకపోయిన. నంబర్లు మారిన సంగతి, ఎనిమిది ఫోన్ల సంగతి, అంతా చెప్పి ఆమె చేతులు పట్టుకున్న.

ఆమె ఒక్కసారే పకపక నవ్వింది. "ఓసి పిచ్చిదానా! మీరు ఓట్లు కొట్టిన దినం నేను ఇంట్ల కూసొని అదే టీవీ చూస్తున్న. షూటింగులన్ని ముందే అయిపోయినయి. నన్ను ఎల్లగొట్టి అప్పటికే నెల దాటింది. ఎవ్వలకు చెప్పొద్దని సంతకం పెట్టిచ్చుకున్నరు. నువ్వు మూడు కొట్టినా, నాలుగు కొట్టినా గాలికి పోవుడే."

"మరి మేం వచ్చిననాడన్న చెప్పకపోయినవక్కా?"

"మూడు బస్సులు మారి పండ్లు పట్టుకొని వస్తిరి. ఓట్లేసినమని మీ అవ్వ ఎంత సంబురంగ చెప్పె. ఎట్ల చెప్తనే?"

ఆమె బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. నేను బెంచీ మీద కూసొని నవ్విన. నవ్వుతుంటె కండ్లకెల్లి నీళ్ళొచ్చినయి, పక్కన కూసున్న ముసలాయన లేచి వేరే బెంచీకి పోయిండు. పద్దెనిమిదేండ్ల ఆ పిల్ల యాదికొచ్చింది. వానలు పడకపోయినా, బోర్లు ఎండినా, సాంచాలు ఆగినా, వాటిల దేంట్ల తన చెయ్యి లేదని దానికి తెలుసు. ఈ ఒక్క అన్యాయమన్న తానే చేసిన అనుకొని, ఎవ్వలకు చెప్పకుంట మోసింది. ఇప్పుడు కనవడితె దగ్గరికి తీసుకొని, తల నిమిరి, "నీ వేలికి గంత బలం ఏడిదే బిడ్డా" అనాలనిపిస్తది.