కుడివైపు సీటు ఖాళీగానే ఉంది

దయ్యాల కథలు వింటే నాకు నిద్ర వస్తుంది. సూరత్‌లో మా డిండోలి సందుల్లో ఎవరో ఒకరు, ఏదో ఒకటి చూశామని చెబుతూనే ఉంటారు. మూతపడ్డ షెడ్డులో మగ్గం ఆడిందని ఒకడంటే, దాని పక్కన బీడీ వాసన కూడా వచ్చిందని ఇంకొకడు. నేను ఇంజన్లు విప్పి బిగించే మనిషిని. ఏ చప్పుడుకైనా కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

రాజేశం మామ మాకు చుట్టమేమీ కాదు. సిరిసిల్ల నుంచి మా నాన్నతో పాటు సూరత్‌లో రైలు దిగిన మనిషి. ముందు ఒక మిల్లులో కూలికి మగ్గం నడిపాడు, తర్వాత అదే ఊళ్లోని ఉధ్నాలో సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకున్నాడు. ఆ మిల్లు యజమానికి ఒక అమెరికా కారు ఉండేదట. అది గేటు దాటుతుంటే చప్పుడు చెవుల్లో కాదు, కడుపులో వినపడేదని మామ చెప్పేవాడు.

మిల్లు మూతపడ్డాక ఆ కారు గోడౌనులో ఎలుకల కాపురమైపోయింది. మామ దాన్ని పాత ఇనుము కింద కొని, లారీ మీద వేసుకుని నా గ్యారేజీకి తెచ్చాడు. రెండే తలుపులు, మంచమంత బానెట్, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజన్. వీటిని వాళ్ల దేశంలో మజిల్ కార్లంటారు, కండల బండ్లని. మాకు వచ్చినప్పుడు దానికి కండలు కాదు కదా, ఎముకలే సరిగా లేవు.

మామ భార్య లక్ష్మి అత్తమ్మ మొదటి రోజే దానికి సవతి అని పేరు పెట్టింది. “నా పాణం పోయినా దాంట్ల కూసోను” అంది. “తయారైనంక మొదటి రౌండు నీకే, ఏడికి పోతవ్” అని మామ నవ్వేవాడు.

ఆ బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మామ సాయంత్రం గ్యారేజీకి వచ్చి, అలవాటు కొద్దీ కుడి తలుపు తీసి, లావుపాటి ఒళ్లు, నడుం నొప్పి వల్ల మెల్లగా కూర్చునేవాడు. స్టీరింగ్ పట్టుకోవడానికి రెండు చేతులూ చాపేవాడు. అక్కడ ఏముంటుంది? ఆ ఖాళీ చేతులు నాకు చూపించి పడీపడీ నవ్వేవాడు. మొదట్లో నిజంగానే మరిచిపోయేవాడు, తర్వాత నన్ను నవ్వించడానికే చేసేవాడనుకుంటా.

రంగు పని ఒక్కటే మిగిలి ఉండగా కరోనా రెండోసారి విరుచుకుపడింది. మామ ఆసుపత్రికి తన కాళ్ల మీద నడిచి వెళ్లాడు. తిరిగి మాకు చూపించింది ఒక మూట. కట్టు విప్పనివ్వలేదు, దగ్గరికి రానివ్వలేదు. అత్తమ్మ దూరం నుంచే దండం పెట్టింది.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆమెది ఒకటే మాట. “ముకం సూడలే సతీషూ. ఆ మూటల ఉన్నది ఆయనే అని నాకేం తెల్సు?” అన్నం ముందు పెట్టుకుని కూడా అదే అడిగేది.  ఆ ఇంట్లో కూర్చోవాలంటేనే బాధగా ఉండేది.

మగ్గాలు ఆగిపోయాయి, కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ షెడ్డు నడవాలంటే కారు అమ్మాల్సిందేనని అత్తమ్మే తేల్చింది. మామ కోరుకున్న ముదురు నీలం రంగు వేసి, ఫొటోలు నెట్‌లో పెట్టాను. బరోడా నుంచి ఒకాయన గట్టిగా ఆసక్తి చూపించాడు. రోడ్డు మీద నడుస్తుంటే వీడియో తీసి పంపమన్నాడు.

ఎండ బాగా ఎక్కాక ఒక్కణ్ణే బయలుదేరాను. మూతికి మాస్కు, డ్యాష్‌బోర్డు మీద రోడ్డువైపు తిప్పిన ఫోను. ఆ ఇంజను గుర్రుమంటుంటే జనం మేడల మీదికి వచ్చి చూశారు. గర్వంగా అనిపించింది. దాన్ని బతికించింది నేనే మరి.

డిండోలి వైపు తిరిగే చోట పోలీసులు బారికేడ్లు పెట్టి మాస్కులు చూస్తున్నారు. ఒక కానిస్టేబుల్ నేరుగా కుడివైపు కిటికీ దగ్గరికి వెళ్లాడు. అది వింతేమీ కాదు, పెట్రోలు పోసేవాళ్లూ అటే వెళతారు. అక్కడ స్టీరింగ్ లేదని తెలిశాక వాళ్ల ముఖం చూడటం నాకు సరదా. ఈయన ముఖమెలా మారుతుందోనని లోపల నవ్వుకుంటూ ఆగాను.

ఆయన వంగి, “చాచా, మాస్క్ కహా హై?” అన్నాడు.

ఆ సీటువైపే చూశాడు. తర్వాత తనే నవ్వాడు. అటునుంచే నన్ను చూసి హిందీలో, “మాస్కు ఏదంటే ఖాళీ చేతులు చూపించి నవ్వుతున్నాడేంటి మీ డ్రైవరు? పెద్దవయసు, జర చెప్పు ఆయనకి” అన్నాడు.

“ఏ డ్రైవరు సాబ్?” అన్నాను.

“మజాక్ వద్దు” అని గదమాయించాడు. వెనక బండ్లు హారన్ కొడుతుంటే బారికేడు జరిపి పొమ్మన్నాడు. నేను పక్కకు చూశాను. సీటు ఖాళీ. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా నలగలేదు.

అద్దంలో నీడ అందామంటే, అద్దం దించే ఉంది. ఆటపట్టించాడు అందామంటే, ఆయనెవరో నాకు తెలియదు, మామ ఎవరో ఆయనకి తెలియదు. పోనీ నాకే ఎండదెబ్బ తగిలిందా అంటే, ఆయన మాటలూ నవ్వూ ఆ వీడియోలో ఉన్నాయి. ఇంటికొచ్చి విన్నాను, స్పష్టంగా ఉన్నాయి.

అత్తమ్మకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ “బండి ఎట్ల నడిసింది బిడ్డా?” అని ఆమె అడగ్గానే మొత్తం చెప్పేశాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు.

“నవ్విండా?” అంది.

“నవ్విండట అత్తమ్మా.”

“మాస్కు లేకుండెనా?”

“లేదట.”

“అయితే ముకం కనవడ్డది” అంది. “నాకు కాకపోతే ఏంది, ఒకలకన్న కనవడ్డది.” మామ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

బేరం కుదిరి బరోడా నుంచి ట్రక్కు వచ్చే రోజు పొద్దున, అత్తమ్మ మంచి చీర కట్టుకుని గ్యారేజీకి వచ్చింది. “నా రౌండు నాకు తిప్పు” అంది. నేను పరుగున వెళ్లి కుడి తలుపు మీద చెయ్యి వేశాను.

“అటు వద్దు. నీ దిక్కు నుంచి ఎనకకు ఎక్కుత.”

రెండు తలుపుల బండిలో వెనక సీటుకు పోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. ఆమెవి అసలే నొప్పుల మోకాళ్లు. ముందు కూర్చుంటే హాయి కదా అన్నాను.

“ఆయన్ని లేపుడెందుకురా. కూసోనియ్యి.”

నేను దిగి, నా సీటు వంచి, ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఉధ్నా అంతా తిప్పాను. దారి పొడుగునా ఆమె చెయ్యి ముందున్న కుడి సీటు వీపు మీదే ఉంచింది.

గ్యారేజీకి వచ్చేసరికి ట్రక్కు నిలబడి ఉంది. అత్తమ్మ దిగి, బండి చుట్టూ నడిచి, కుడి తలుపు బార్లా తెరిచింది. “రౌండయింది. ఇగ దిగు, ఇంటికి పోదాం” అంది. నడుం నొప్పి ఉన్న లావుపాటి మనిషి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా మూసి, ఇంటి దారి పట్టింది.

బరోడా ఆయన బండి గురించి ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. అత్తమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ మూట మాట ఎత్తలేదు. కానిస్టేబుల్ చూసిందేమిటో నాకు అంతుపట్టలేదు. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

కానీ ఆమె తలుపు తెరిచినప్పుడు నేను సరిగ్గా దాని ముందే ఉన్నాను. ఎవరూ జరగమనలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, దారి ఇచ్చాను. ఎవరికిచ్చానంటే మాత్రం చెప్పలేను.