రాజు బుగ్గల మీద తెల్ల చుక్కలు

పచ్చని కాపురంలో నిప్పులు పోసిన మహానుభావుణ్ణి నేను. కంగారు పడకండి, ఆ కాపురం రెండు గోల్డ్‌ఫిష్‌లది.

మా పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం. కొత్త జంట ఒకచోట ఉండకూడదని మా ఆవిడ లావణ్యను శామీర్‌పేటలోని పుట్టింటికి తీసుకెళ్లారు. కొంపల్లి ఫ్లాట్‌లో మిగిలింది నేను, ఆమె పెళ్లికి ముందునుంచీ పెంచుకుంటున్న రాజు, రాణి. వెళ్తూ వెళ్తూ అద్దాల తొట్టి మీద చెయ్యేసి మరీ హెచ్చరించింది.

"వీటికేమన్న అయ్యిందనుకో, శ్రావణం గాదు, దీపావళొచ్చినా నేను రాను."

వారం తిరక్కుండానే రాజు బుగ్గల మీద తెల్లటి చుక్కలు! పైగా పిచ్చెక్కినట్టు రాణి వెంటపడి తరుముతున్నాడు. ఫోన్లో వెతికితే తెల్లచుక్కల జబ్బట, కంటికి కనబడని పురుగు పనట, ముదిరితే తొట్టి మొత్తం ఖాళీ అట. నాకు మాత్రం ఖాళీ అయిన నా ఇల్లే కనబడింది.

ఇక ఆగుతానా? రాజును బకెట్‌లోకి మార్చాను. గీజరు నీళ్లు కలిపి వేడి పెంచాను. ఉప్పు వేశాను. చేపల కొట్టువాడిచ్చిన నీలిమందు చుక్కలుగా వెయ్యబోతే మూత ఊడింది. బకెట్‌లో పడింది కొంచెమే, మిగతాదంతా నా చేతుల మీద, లావణ్య తెల్ల తువ్వాలు మీద. మూడు రోజులైనా చుక్కలు పోలేదు సరికదా, రాజు తిండి మానేసి అడుగున పడుకున్నాడు.

భయపడి మామకు ఫోన్ చేశాను. ఆయన శామీర్‌పేట చెరువులో వల వేసే మనిషి.

"మామా, లావణ్యకు చెప్పకు. రాజుకు సీరియస్‌గ ఉంది."

"రాజెవరు అల్లుడా?"

"చేప మామా."

"ఆగు, వస్తున్న."

గంటలో మోపెడ్ మీద దిగాడు. రాజును ఆయన అరచేతిలోకి తీసుకున్న తీరు చూడాలి! మా అమ్మ కూడా నన్నంత సుతారంగా ఎత్తుకుని ఉండదు. బొటనవేలితో ముందు రెక్కను ఒక్కసారి నిమిరి ఫక్కున నవ్వాడు.

"రోగం లేదు, ఏం లేదు. రోగమైతే తోకదాంక ఒళ్లంత ఉప్పు జల్లినట్టుంటది, రాళ్లకు ఒరుసుకుంటది. దీనికి బుగ్గల మీద, గీ ముంగటి రెక్కల మీదనే ఉన్నయ్. మగచాప జతకొచ్చింది. వానలు పడంగనే మా చెరువుల చాపల రెక్కలు సుత గిట్లనే గరుకుగైతయ్."

"మరి రాణిని ఎందుకు తరుముతాంది?"

"తరమక? గుడ్లు పెట్టే యాల్ల గది. నువ్వు మంచిగున్న మొగన్ని పట్టి బకెట్ల ఏసినవ్. చాపలకు సుత ఆషాఢం పెడ్తరా అల్లుడా?"

నేను పదిహేను వీడియోలు చూసి తెలుసుకోలేనిది ఆ బొటనవేలు చెప్పేసింది. ఆ వేలికి దండం పెట్టాలనిపించింది.

తొట్టి నీళ్లు కొంచెం కొంచెం అలవాటు చేసి మామ రాజును వదిలాడు. కాసేపటికి వాడు మళ్లీ రాణి వెంట! మామ వాణ్ణి చూశాడు, తర్వాత నా నీలి చేతులను, సింకులో గిన్నెల గుట్టను చూశాడు.

"దాని గోస జూసిన, నీ గోస సుత జూసిన. రేపు పొద్దుగాల లావణ్యను దింపుత. మీ అత్తకు నేను జెప్పుకుంట."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. లావణ్య వచ్చి చేపలను చూసి మురిసిపోయింది. ఆ తర్వాత తువ్వాలు చూసింది.

నీలి చేతులు జోడించి ప్రమాణం చేశాను: "ఎవరి బుగ్గ మీద ఏ చుక్క కనబడినా, మామ బొటనవేలు పడనిదే మందు సీసా మూత తియ్యను. ఆషాఢమైనా సరే, ఏ ఆలుమగలనూ విడదియ్యను."

"మస్తు జెప్పినవ్ గని," అంది లావణ్య, "ముందుగాల గా తువ్వాల ఉతుకు."