పడుగు వెంట నడక

2023, వేసవి మొదలు. ప్రసూతి సెలవు ముగిసి, ఎమ్మిగనూరులోని ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా మళ్లీ చేరిన రోజులు. ఇంట్లో పాలు తాగే పాప. ఆసుపత్రిలో ఉన్నంతసేపూ పాప ఏడుస్తుందేమోనని, ఇంటికెళ్లాక పేషెంటుకు ఏదైనా తప్పు చెప్పానేమోనని భయం. అప్పుడు వచ్చింది పద్మక్క.

చేనేత కుటుంబం. నలభై దాటిన వయసు, భారీ శరీరం, షుగరు. మూడు నెలల్లో అదుపులోకి రాకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవన్నాడు డాక్టరు.

"మా అమ్మకు సూదులు నేనే ఏస్తాంటినమ్మా. నాకెవరు ఏస్తారు? నన్ను కట్టుకున్న మా ఆయప్పకు సూది చూస్తేనే కండ్లు తిరుగుతాయి."

రిపోర్టు చూశాను. ఆమె ఒంట్లో ఇన్సులిన్‌కు కొరత లేదు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. కండరాలే దాని మాట వినడం మానేశాయి. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. బరువు ఎక్కువున్న చాలామందిలో ఇదే జరుగుతుంది.

గుండె పరీక్షలన్నీ బాగున్నాయని తెలిశాక ఇంటర్వల్ ట్రైనింగ్ చెప్పాను. వగర్పు వచ్చేంత వేగంగా కాసేపు నడక, ఊపిరి కుదుటపడేదాకా నిదానంగా నడక, మళ్లీ వేగం. గట్టిగా పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా చక్కెరను లాక్కుంటుంది. ఆ తర్వాత కొన్ని గంటలు ఇన్సులిన్ మాట కూడా బాగా వింటుంది.

"పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు ఆడిస్తానే ఉండా కదమ్మా, మళ్లా నడకేంది?"

"ఆడేది పాదాలక్కా. గుండెకు ఆ సంగతే తెలీదు."

నవ్వుకుంటూ వెళ్లింది. కొన్నాళ్లకే మోకాళ్లు పట్టుకుని వచ్చింది.

"మధ్యలో నిదానంగా నడుస్తున్నావా?" అని అడిగాను.

"మా వీధిలో పొద్దున్నే అందరూ పడుగు నూలు వీధి పొడుగునా సాపి గంజి పెడతాంటారు. వాళ్ల ముందర ఊరికే మెల్లగ తిరిగితే 'ఏం పద్మక్కా, షికారు పోతాండావా?' అంటారు. సిగ్గయి ఉరుకుతా పోయి ఉరుకుతా వస్తాండా."

ఎంత వేగంగా నడవాలో చెప్పాను గానీ, యాడ నడుస్తావని అడగలేదు.

ఆదివారం పాపను అత్తమ్మకు అప్పగించి ఆ వీధికి వెళ్లాను. ఈ కొన నుంచి ఆ కొనదాకా తెల్లటి పడుగు, గంజి వాసన. మనుషులు కుంచెలు లాగుతూ, తెగిన పోగులు ముడేసుకుంటూ అడుగులో అడుగేసి నడుస్తున్నారు. వాళ్లను షికారు పోతున్నారని ఎవరూ అనడం లేదు.

"అక్కా, ఆ కొనకు ఉత్త చేతులతో గబగబా పో. వచ్చేటప్పుడు తెగిన పోగులు చూసుకుంటా మెల్లగా రా."

"మాకు రోజూ పడుగు ఉండదు కదమ్మా?"

"వీధిలో ఎవరిదో ఒకరిది ఉంటుంది కదా!"

ఆమె ముఖం వెలిగింది. నెల తిరక్కముందే, ఎగతాళి చేసినవాళ్లే "పద్మక్కా, రేపు మాది సాపుతాండాం, రా!" అని కేకేసి పిలవసాగారు. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కూడా ఆమె వెంట నడక మొదలుపెట్టారు.

మూడు నెలల గడువు వచ్చింది. తూకం మిషను మీద ముల్లు కొద్దిగానే కదిలింది.

"ఇంత తిరిగితే ఇంతేనా? సూదే నాకు గతి," అని బెంచీ మీద కూలబడింది. రక్తం రిపోర్టు వచ్చేదాకా నాకూ కాలు నిలవలేదు.

మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దిగింది. పరగడుపు ఇన్సులిన్ కూడా బాగా తగ్గింది, అంటే కండరాలు మళ్లీ దాని మాట వింటున్నాయి. తూకానికి కనపడని మార్పు లోపల జరిగిపోయింది. "ఇప్పుడు సూది అవసరం లేదు. మాత్రలు, నడక మానొద్దు," అన్నాడు డాక్టరు.

పద్మక్క లేచి నిలబడి, ఆసుపత్రంతా వినపడేలా అరిచింది: "మా ఆయప్ప బతికిపాయ!"

బయట కూర్చున్న పేషెంట్లు కూడా నవ్వారు.

ఇప్పుడు నేను ఎవరికి నడక చెప్పినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: యాడ నడుస్తారు, చూసేవాళ్లు ఎవరు? నిదానంగా నడిచే భాగం కూడా వైద్యంలో భాగమేనని గట్టిగా చెబుతాను. నమ్మనివాళ్లను ఒక పొద్దున పద్మక్క వీధికి పంపుతాను. అక్కడ ముందు పద్మక్క, వెనక ఆరేడుమంది ఆడవాళ్లు, పడుగు పక్కన గబగబా పోతుంటారు. మెల్లగా తిరిగొస్తూ పోగులు ముడేస్తుంటారు.