పది ఊదా వేళ్ళు

సీతారత్నం గ్లవ్స్ వేసుకోదు. గుంటూరులో బయోకెమిస్ట్రీ లెక్చరరుగా చేరినప్పటి నుంచీ నిన్‌హైడ్రిన్ సీసాను ఉత్త చేతులతోనే పట్టుకుంటుంది. చెమటలోని అమైనో ఆమ్లాలకు ఆ మందు తగిలితే ఊదారంగు తేలుతుంది గనక, ప్రాక్టికల్స్ రోజుల్లో ఆమె పది వేళ్ళూ నేరేడుపళ్ళు చిదిమినట్టుంటాయి. ఎన్నికల నాడు, తమ కాలేజీలోనే పెట్టిన బూత్‌లో ఆ వేళ్ళు చూసి పోలింగ్ ఆఫీసరు ఆమె ఓటరు చీటీ పక్కన పెట్టేశాడు.

"మీరు ఓటేసేశారు గదమ్మా. సిరా కనబడుతూనే ఉంది."

"పది వేళ్ళకీ ఉందంటే పది ఓట్లేసిందా ఏందయ్యా?" అంది వెనక నిలబడ్డ మిరపకోతలకెళ్ళే కోటేశ్వరి.

సీతారత్నానికి కోపం రాలేదు, హుషారొచ్చింది. ఒక్క పరుగున మేడమీది ల్యాబ్‌కు వెళ్ళి స్ప్రే సీసా, ఇస్త్రీపెట్టె తెచ్చింది. ఆఫీసరు బొటనవేలిని తెల్లకాగితం మీద నొక్కించి, మందు కొట్టి, ఆరాక పైన వేడి పట్టింది. ఏమీ లేని కాగితం మీద ఆయన వేలిగీతలు ఒక్కొక్కటే ఊదారంగులో లేచాయి.

"ఈ ఊదారంగు సిరా కాదు, మీ వేలి చెమటేనండీ. మీరెన్ని ఓట్లేశారు?"

క్యూ అంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాపుకోలేక చీటీ తీశాడు.

"రండి మేడమ్, ఓటెయ్యండి."

సీతారత్నం అప్పటికే కోటేశ్వరి వేలు కాగితం మీద నొక్కిస్తోంది.

"వస్తానండీ, ఒక్క నిమిషం. ఈమెది కూడా తేలనివ్వండి."